బల్లమీది రైలుదారి

పిల్లలూ! మీలో ఎవరైనా మౌలాలి గుట్ట ఎక్కి కిందికి చూశారా? నాచారానికి ఉత్తరాన, పైన దర్గా ఉన్న ఆ రాతిగుట్ట మీదినించి చూస్తే, రైలు పట్టాలు జడపాయల్లాగా విడిపోతూ మళ్ళీ కలుస్తూ కనబడతాయి. ఒక దారి సికింద్రాబాదుకు, ఒకటి కాజీపేట వైపుకు, మరొకటి మల్కాజిగిరి వైపుకు పోతుంది. వేల టన్నుల గూడ్సుబండి కూడా అంత ఎత్తునించి చూస్తే అగ్గిపెట్టెలు దారానికి గుచ్చినట్టుంటుంది. దాన్ని చూసిన ఏ పిల్లవాడికైనా, ఏ పిల్లకైనా ఒకటే కోరిక పుడుతుంది: "ఈ రైలంతా మా ఇంట్లో ఉంటే ఎంత బాగుండును!"

ఉండవచ్చు. దానికి ఒక బల్ల, అయిదారు ఆదివారాలు, కొంచెం ఓపిక కావాలి. నడుమ రెండో శనివారం సెలవు తగిలితే మరీ మంచిది. నాచారం, ఉప్పల్ పిల్లలకు ఇందులో ఇతరులకు లేని సౌకర్యం ఒకటి ఉంది. చూసి నేర్చుకోవటానికి రెండు రకాల అసలు రైళ్ళు ఇంటి పక్కనే ఉన్నాయి. మౌలాలి, చర్లపల్లి మీదుగా పోయే పెద్ద రైళ్ళు ఒక రకం. 2017 నవంబరునించి ఉప్పల్‌లో స్తంభాల మీద పరుగెత్తుతున్న మెట్రో రెండో రకం.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఒక ఇంజనును బల్లమీద తిప్పటం పెద్ద పనేమీ కాదు. చాలామంది పిల్లలు అది చేసి, పది నిమిషాలు చూసి, విసుగుపుట్టి వదిలేస్తారు. రెండో ఇంజను బల్ల ఎక్కినప్పుడే అసలు రైల్వే మొదలవుతుంది. అక్కడికి మనం నాలుగో ఆదివారం చేరుకుంటాం.

మొదటి ఆదివారం సుత్తీ మేకులూ ముట్టవద్దు. కాగితం, పెన్సిలు, స్కేలు తీసుకుని లెక్క వెయ్యండి. ప్రపంచంలో చిన్న రైళ్ళు చేసేవాళ్ళు ఎక్కువగా వాడే కొలతకు హెచ్‌ఓ అని పేరు. ఓ అనే పాత పెద్ద కొలతలో ఇది సుమారు సగం కనక ఆ పేరు వచ్చింది. ఇందులో అసలు వస్తువులో 87వ వంతు చేస్తారు. అయిదడుగుల తొమ్మిదంగుళాల స్టేషన్ మాస్టరుగారు రెండు సెంటీమీటర్ల మనిషి అయిపోతారు.

ఇప్పుడు రైలుపెట్టె సంగతి చూడండి. మద్రాసు పెరంబూరు కర్మాగారంలో తయారైన పాతరకం పెట్టె పొడుగు 21 మీటర్ల పైచిలుకు. దాన్ని 87 పెట్టి భాగిస్తే సుమారు 24న్నర సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ళ జానకన్న కొంచెం ఎక్కువ. ఈ కాలపు కొత్తరకం పెట్టె 27 సెంటీమీటర్లవుతుంది. దూరప్రయాణపు రైలుకు అట్లాంటివి 24 తగిలిస్తే ఆరున్నర మీటర్లు! మీ హాలు గోడ పొడుగెంతో కొలిచి చూడండి. నాలుగు పెట్టెలతోనే సరిపెట్టుకుందామని మీకే తోస్తుంది.

మలుపుల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మన పెద్ద రైలుదారిలో అన్నిటికన్నా గట్టి మలుపుకు కూడా వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు. 87వ వంతు చేస్తే రెండు మీటర్లు. అంటే బండి చుట్టూ తిరిగి రావాలంటే నాలుగు మీటర్ల వెడల్పు బల్ల కావాలి. టింబరు డిపోలో దొరికే ప్లైవుడ్ షీటేమో ఎనిమిదడుగులు పొడుగు, నాలుగడుగులు వెడల్పు. అందుచేత చిన్న రైళ్ళు చేసేవాళ్ళందరూ మలుపు దగ్గర కొంచెం దొంగలెక్క వేస్తారు. బొమ్మపట్టాల్లో బాగా గట్టి మలుపులకు వ్యాసార్ధం 36 సెంటీమీటర్లే ఉంటుంది. అంత గట్టి మలుపులో పొడుగుపెట్టె నడుము లోపలికి, కొసలు బయటికి పొడుచుకు వస్తాయి. మలుపు పక్కనే ప్లాట్‌ఫారం కట్టారో, పెట్టె దాన్ని గీరేస్తుంది. మలుపులను బల్ల అంచుదాకా పెద్దవి చెయ్యండి, స్టేషన్లను తిన్నని పట్టాల మీదే పెట్టండి.

ఇక పట్టాల మధ్య ఎడం. ఇందులో ఉప్పల్ వాళ్ళకూ నాచారం వాళ్ళకూ పోటీ పెట్టే తమాషా ఒకటి ఉంది. మౌలాలి మీద పోయే పెద్ద రైలుకు రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, అంటే పాత కొలతలో అయిదున్నర అడుగులు. మెట్రోకు 1435 మిల్లీమీటర్లే. రెంటినీ 87 పెట్టి భాగించండి. పెద్ద రైలుకు 19.3 వస్తుంది, మెట్రోకు 16.5. అంగడిలో దొరికే హెచ్‌ఓ పట్టాల ఎడం ఎంతనుకున్నారు? సరిగ్గా 16.5! ఆ పట్టాలు పాశ్చాత్యదేశాల రైలుదారులను చూసి చేసినవి, మన మెట్రో ఎడం కూడా అదే. కనక అంగడి పట్టాల మీద ఉప్పల్ మెట్రో అచ్చంగా సరిపోతుంది. మౌలాలి రైలు మాత్రం దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకైన దారిలో నడవాలి. మన దేశంలో చిన్న రైళ్ళు చేసేవాళ్ళు చాలామంది ఈ మూడు మిల్లీమీటర్లను చూసీచూడనట్టు వదిలేస్తారు. నా మటుకు నాకు అది తప్పుగా తోచదు. పట్టుదల ఉన్నవాళ్ళు పట్టాలు కూడా సొంతంగా చేసుకుంటారు, వాళ్ళకు దండం.

రెండో ఆదివారం పట్టాలు పరవాలి. బల్లను మేడమీది రేకుల గదిలో పెట్టకండి. మన ఎండలకు అక్కడ ప్లైవుడ్ వంగుతుంది, వానాకాలం చెమ్మకు ఉబ్బుతుంది. పట్టాలు కూడా ఎండకు సాగుతాయి. పదమూడు మీటర్ల అసలు ఉక్కుపట్టా, చలికాలపు తెల్లవారుజాముకూ ఎండాకాలపు మిట్టమధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడా వస్తే ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే పూర్వం పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలేవారు. చక్రాలు ఆ సందులు దాటేటప్పుడు వచ్చే టకటక శబ్దం మీ తాతయ్యకు నిద్రపుచ్చే పాటలాంటిది. ఇప్పుడు చాలా దూరం వరకు పట్టాలను అతికేసి, స్లీపర్లకు గట్టిగా బిగించి, సాగకుండా పట్టి ఉంచుతున్నారు. ఆ టకటక మీకు తక్కువగా వినబడుతుంది. మీ బల్లమీద మాత్రం పాత పద్ధతే మేలు. మీటరుకొక చోట దళసరి కాగితమంత సందు వదలండి.

పట్టాల కింద కంకర కావాలి గదా? అసలు కంకరరాయి సుమారు 50 మిల్లీమీటర్లుంటే, మీ రాయి అరమిల్లీమీటరు పైచిలుకు ఉండాలి. అంటే ఇసుకే! ఇల్లు కట్టేచోట ఒక గిన్నెడు ఇసుక అడిగి తెచ్చి, కడిగి ఆరబెట్టి, అమ్మ వద్దని పక్కన పడేసిన పాత జల్లెడతో జల్లించండి. పట్టాల మధ్య పోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్కలు చుక్కలుగా వెయ్యండి. నీళ్ళు ఇసుకలోకి దిగకుండా ముత్యాల్లాగా నిలబడితే, అందులో ఒక చుక్క సబ్బునీళ్ళు కలపండి. వెంటనే ఇంకిపోతుంది. నీటిచుక్క పైపొర బిగువును సబ్బు సడలిస్తుంది, అదీ రహస్యం.

మూడో ఆదివారం కరెంటు. పెద్దలు పక్కన లేకుండా ఈ పని చెయ్యరాదు. గోడ ప్లగ్గులో ఉండే 230 వోల్టులు ప్రాణం తీస్తాయి. దాన్ని 12 వోల్టులకు తగ్గించి, ఏకముఖంగా ఇచ్చే పెట్టెను కొని తెచ్చుకోవాలి తప్ప ఇంట్లో తయారుచెయ్యరాదు. ఆ 12 వోల్టులను ముట్టుకున్నా మీకేమీ కాదు, ఇంజను మాత్రం పరుగెత్తుతుంది.

ఎట్లా పరుగెత్తుతుంది? చర్లపల్లి మీద పోయే అసలు ఇంజను నెత్తిన ఉన్న తీగనించి 25,000 వోల్టుల కరెంటు తీసుకుని, పని అయ్యాక పట్టాల్లోకి వదులుతుంది. మీ ఇంజనుకు నెత్తిన తీగ అక్కరలేదు. ఒక పట్టాలోనించి కరెంటు చక్రం ఎక్కి, మోటారు తిప్పి, రెండోవైపు చక్రం దిగి రెండో పట్టాలోకి పోతుంది. అందుకే బొమ్మ ఇంజనుల్లో కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ నడుమ కరెంటు పారని ప్లాస్టిక్ అడ్డం ఉంటుంది. రెండు తీగలను తారుమారు చేస్తే ఇంజను వెనక్కి నడుస్తుంది. ఇక్కడ ఒక పజిలు ఇస్తాను. బండి బల్ల చివర గుండ్రంగా తిరిగి, వచ్చిన దారిలోనే మళ్ళీ కలిసేట్టు పట్టాలు పరిస్తే ఏమవుతుంది? ఎడమ పట్టా పోయి కుడి పట్టాకు తగులుతుంది. కరెంటు మోటారులోకి పోకుండా అడ్డదారి పడుతుంది, పెట్టె వేడెక్కి ఆగిపోతుంది. కాగితం మీద రెండు రంగుల పెన్సిళ్ళతో గీసి చూడండి, వెంటనే బోధపడుతుంది.

వేగం కూడా లెక్క ప్రకారమే ఉండాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 87వ వంతు చేస్తే సెకనుకు 32 సెంటీమీటర్లు. అంటే ఎనిమిదడుగుల బల్లను దాటటానికి ఎనిమిది సెకన్లు దగ్గరదగ్గరగా పట్టాలి. చాలామంది పిల్లలు రెండు సెకన్లలో దాటిస్తారు. లెక్క కడితే అది గంటకు 380 కిలోమీటర్లు! మౌలాలి మలుపులో అంత వేగంగా పోయే రైలు ఎక్కటానికి మీ నాన్న ఒప్పుకుంటారా?

పెద్దలకు ఒక మాట. తయారుచేసి అమ్మే ఇంజనులు ఖరీదైనవి. అవి లేకపోతే ఈ ఆట లేదని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కరలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న మోటార్లు, స్విచ్చులు, తీగలు దొరుకుతాయి. అట్టతో పెట్టెలు చేసుకోవచ్చు. అది కూడా వీలుకాకపోతే అగ్గిపెట్టెల రైలును సుద్దముక్కతో గీసిన పట్టాల మీద చేత్తో తొయ్యవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది చేత్తో తోసే రైలుకు కూడా వర్తిస్తుంది.

నాలుగో ఆదివారం రెండో బండి వచ్చింది. మీ బల్లమీద కోడిగుడ్డు ఆకారంలో ఒకే దారి ఉందనుకుందాం. ఇటుపక్క "మౌలాలి", అటుపక్క "చర్లపల్లి". అసలు మౌలాలి, చర్లపల్లి మధ్య ఉన్నది ఒంటిదారి కాదని మీకు తెలుసు. మన ఆట కోసం ఒంటిదారి అనుకుంటున్నాం. ఒక్కొక్క స్టేషనులో పక్కకు తప్పుకోవటానికి ఇంకొక పట్టా ఉంటుంది. దాన్ని లూపు లైను అంటారు. ఒక బండి లూపులో నిలబడితే రెండోది మెయిను లైనుమీద దాటిపోతుంది. ఒక బండి నడుస్తుండగా రెండోది నిలబడేందుకు, స్టేషను పట్టాల కరెంటును విడదీసి వాటికి వేరే స్విచ్చులు పెట్టండి.

అన్నయ్య మౌలాలి స్టేషన్ మాస్టరు, చెల్లెలు చర్లపల్లి స్టేషన్ మాస్టరు. ఇద్దరూ బండ్లు వదలటం మొదలుపెట్టారు. అయిదు నిమిషాలు తిరక్కుండానే మలుపులో రెండు ఇంజనులూ ముక్కులు గుద్దుకుంటాయి. "నువ్వు చూడలేదు!" "నువ్వే చెప్పలేదు!" అని పోట్లాట. అమ్మ వచ్చి ప్లగ్గు తీసేస్తుంది.

ఈ పోట్లాట రైల్వే అంత పాతది. ఒంటిదారి మీద ఎదురెదురుగా బండ్లు రాకుండా చెయ్యటం ఎట్లా అని తొలికాలపు రైల్వేవాళ్ళు చాలా తంటాలు పడ్డారు. గడియారాన్ని నమ్మారు, బండి ఆలస్యమైతే గడియారం కాపాడలేదు. తరవాత ఒక కర్ర పెట్టారు. ఈ రెండు స్టేషన్ల మధ్య దారికి ఒకే కర్ర. అది చేతిలో ఉన్న డ్రైవరే ఆ దారిలోకి పోవాలి. మీరు కర్రకు బదులు గోలీ పెట్టుకోండి. మీ దారి కోడిగుడ్డు ఆకారం కనక రెండు స్టేషన్ల మధ్య రెండు వంపులున్నాయి. ఎడమ వంపుకు ఎర్ర గోలీ, కుడి వంపుకు నీలి గోలీ. గోలీ లేనిదే బండి కదలదు. బండితోపాటు గోలీ కూడా అవతలి స్టేషనుకు చేరుతుంది.

ఒక గంట ఆడి చూడండి, బండ్లు గుద్దుకోవు. కాని ఇంకొక చిక్కు వస్తుంది. మౌలాలినించి ఒక బండి ఎర్ర గోలీతో చర్లపల్లి పోయింది. దాని వెనకే ఇంకొక బండి సిద్ధంగా ఉంది, దారి ఖాళీగా ఉంది. గోలీ మాత్రం అవతల ఉంది! ఎవరైనా నడిచిపోయి తీసుకురావాలి. మీ బల్లకు అది రెండడుగులు, అసలు రైల్వేలో ఎన్నో మైళ్ళు. ఇక్కడ ఒక నిమిషం చదవటం ఆపి, మీరైతే ఏం చేస్తారో ఆలోచించండి.

మన దేశంలో ఎన్నో ఏళ్ళు వాడిన ఉపాయం ఇది. రెండు స్టేషన్లలోనూ రెండు యంత్రాలు, ఒక్కొక్కదానిలో ఎన్నో ఇనప బంతులు. రెండు యంత్రాలకూ మధ్య కరెంటు తీగ. దీన్ని నీల్ బాల్ టోకెన్ యంత్రం అంటారు. మౌలాలి మాస్టరుకు బంతి కావాలంటే గంట కొట్టి చర్లపల్లి మాస్టరును అడగాలి. అతను ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికి వస్తుంది. ఆ ఒక్కటీ బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాలూ బిగుసుకుపోయి ఉంటాయి. ఎవరెంత బతిమాలినా ఇంకొక బంతి రాదు. బండి చేరి, బంతిని ఏదో ఒక యంత్రంలో వేసిన తరవాతనే తాళం ఊడుతుంది. ఆ బంతిని తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు చుట్టకు కట్టి డ్రైవరుకు అందించేవారు. ఆగకుండా పోయే బండి అయితే ఇంజనులోని మనిషి చెయ్యి చాచి, ఆ చుట్టను భుజానికి తగిలించుకునేవాడు. మీ నాన్నో తాతయ్యో చిన్నతనంలో అది చూసే ఉంటారు, అడగండి.

మీరు కూడా ఒక్కొక్క వంపుకు అయిదేసి గోలీలు రెండు గిన్నెల్లో పెట్టి, పళ్ళెం మీద చెంచాతో గంట కొట్టుకోవచ్చు. "లైన్ క్లియర్ ఇస్తారా?" అని మౌలాలి అడగాలి. అవతలి గిన్నెమీద మూత పెట్టి "ఇచ్చాను" అని చర్లపల్లి చెప్పాలి. అప్పుడే గోలీ తియ్యాలి. స్టేషన్ మాస్టర్లు నిజంగా ఈ లైన్ క్లియర్ అనే మాటనే వాడతారు.

అయిదో ఆదివారం సిగ్నళ్ళు. బండిని మెయిను లైనునించి లూపులోకి తిప్పే కదిలే పట్టాలకు పాయింట్లు అని పేరు. సిగ్నలు ఆకుపచ్చగా ఉండి, పాయింట్లు మాత్రం తప్పు దారికి ఉంటే? డ్రైవరు సిగ్నలును నమ్మి వేగంగా వస్తాడు, బండి పాయింట్లను నమ్మి లూపులోకి పోతుంది. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ అనే ఆయన 1856లో దీనికి ఒక మందు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. పాయింట్లనూ సిగ్నలునూ ఒకదానికొకటి తాళం వేసినట్టు కట్టెయ్యటమే ఆ మందు. దాన్ని ఇంటర్‌లాకింగ్ అంటారు.

దీన్ని మీరు రెండు చెక్కపుల్లలతో చెయ్యవచ్చు. ఐస్‌ఫ్రూట్ పుల్లలు చాలు. ఒక పుల్ల పాయింట్లను లాగేది, అడ్డంగా జరుగుతుంది. రెండోది సిగ్నలును ఎత్తేది, దాని కొస మొదటి పుల్ల అంచుకు ఆనుకుని నిలువుగా ఉంటుంది. మొదటి పుల్ల అంచులో, రెండో పుల్ల పట్టేంత గాడి ఒకటి కొయ్యండి. పాయింట్లు పూర్తిగా లాగినప్పుడే ఆ గాడి సిగ్నలుపుల్లకు ఎదురుగా రావాలి. ఇప్పుడు ఆడించి చూడండి. పాయింట్లు సగమే లాగితే సిగ్నలుపుల్ల కదలదు. పూర్తిగా లాగితే గాడిలోకి దిగుతుంది, సిగ్నలు లేస్తుంది. దిగిన తరవాత పాయింట్లపుల్లను కదపబోతే అది కదలదు! సిగ్నలు మళ్ళీ దించితేనే దారి మార్చగలరు. మూడు పుల్లలతో, నాలుగు పుల్లలతో చేసినకొద్దీ ఇది చదరంగం కన్నా రుచిగా ఉంటుంది. పూర్వం కేబిన్లలో వరసగా నిలబడి ఉండే పెద్ద ఇనప లీవర్ల కింద ఇట్లాంటి గాళ్ళే ఉండేవి. తరవాత రిలేలు అనే విద్యుత్ స్విచ్చులు, వాటి తరవాత కంప్యూటర్లు ఆ పని చేస్తున్నాయి.

ఇదంతా పిల్లల ఆటేనా? నాచారంనించి తార్నాక ఎంతో దూరం లేదు. అక్కడ ఇరిసెట్ అనే సంస్థ ఉంది. 1957 నవంబరు 24న మొదలైన ఈ సంస్థలో దేశమంతటినించీ వచ్చిన రైల్వే ఇంజనీర్లు సిగ్నళ్ళ విద్య నేర్చుకుంటారు. వాళ్ళకు పాఠం చెప్పేందుకు అక్కడ ఒక మోడల్ గది ఉంది. అందులో చిన్న పట్టాలు, చిన్న స్టేషన్లు, చిన్న సిగ్నళ్ళు పెట్టారు. మీసాలున్న పెద్దమనుషులు కూడా వాటి ముందు నిలబడి, దారి ఎట్లా ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదు అని నేర్చుకుంటారు. ఈ పద్ధతి చాలా పాతది. ఇంగ్లండులో లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే వాళ్ళు 1912 ప్రాంతంలోనే మాంచెస్టరులో సిగ్నల్‌మన్ల బడికి ఇట్లాంటి చిన్న రైలుదారి ఒకటి చేయించారు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో చిన్న రైళ్ళ సంఘం ఒకటి పెట్టుకున్నారు. టెలిఫోను ఎక్స్‌ఛేంజీల్లో వాడే రిలేలతో రైళ్ళు నడిపారు. ఆ పిల్లల్లో కొందరు తరవాత కంప్యూటరు వైపు తిరిగారు. ఇప్పుడు పేపర్లలో చదువుతున్న హాకరు అనే మాట కంప్యూటరు ప్రపంచంలోకి వచ్చింది ఆ రైళ్ళ గదినించే.

పెద్దవాళ్ళు ఇంత శ్రద్ధగా ఈ ఆట ఎందుకు ఆడతారో తెలియాలంటే ఒక బాధాకరమైన సంగతి చెప్పక తప్పదు. 2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ అనే చిన్న స్టేషనుకు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. మెయిను లైనుకు సిగ్నలు ఆకుపచ్చగా ఉంది, పాయింట్లు మాత్రం లూపు లైనుకు ఉన్నాయి. లూపులో గూడ్సుబండి నిలబడి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నలు తీగల్లో అంతకు ముందు చేసిన మార్పులలోని లోపాలే దీనికి కారణమని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలింది. డ్రైవరు తప్పేమీ లేదు, అతను ఆకుపచ్చ సిగ్నలునే చూశాడు. మీ రెండు పుల్లల మధ్య గాడి ఉందే, ఆ గాడి చెయ్యవలసిన పని ఆనాడు జరగలేదు. ఈసారి అన్నయ్య విసుగుపుట్టి "గాడి ఎందుకు, నేను చూసుకుంటాలే" అంటే, చెల్లెలు ఒప్పుకోకూడదు.

సిగ్నలును డ్రైవరు చూడకపోయినా, ఎదుట మరొక బండి ఉన్నా, దానంతట అదే బ్రేకు వేసే ఏర్పాటు ఒకటి మన దేశంలో తయారైంది. దానికి కవచ్ అని పేరు. దాని తొలి పరీక్షలు చాలావరకు మన దక్షిణమధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చి 4న సికింద్రాబాదుకు పడమరగా గుల్లగూడ దగ్గర ఒకే పట్టామీద రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపారు. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక ఇంజనులోనే ఉన్నారు. ఎదుటి ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే అది తనంతట తానే ఆగిపోయింది. 380 మీటర్లు మీ బల్లమీద ఎంత? నాలుగు మీటర్ల పైచిలుకు, అంటే బల్ల దాటి వసారాలోకి పోవాలి!

ఆరో ఆదివారం దారికి అందం తేవాలి. దీనిగురించి ఎక్కువ చెప్పను, ఇక్కడ మీరే నాకన్న ఘనులు. నానబెట్టిన వార్తాపత్రికల గుజ్జుతో మౌలాలి గుట్ట చేయవచ్చు. అయితే దాన్ని నున్నగా కుంకుడుకాయలాగా చెయ్యకండి. మన గుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రాళ్ళు. గులకరాళ్ళు ఏరి తెచ్చి గుజ్జులో గుచ్చితే అచ్చం అట్లాగే ఉంటాయి. ఎండిన తంగేడుకొమ్మలు మంచి చెట్లవుతాయి. ఉప్పల్ పిల్లలు అట్టగొట్టాలు నిలబెట్టి, వాటి మీద మెట్రోదారి పరవవచ్చు. నాగోలునించి మెట్రో ఎక్కితే మొదట వచ్చేది ఉప్పల్, తరవాత స్టేడియం. ఆ వరసలో స్టేషన్ల పేర్లు రాసి పెట్టండి. పెద్ద స్టేషను కావాలంటే 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి కొత్త టెర్మినలును వెళ్ళి చూసి, బొమ్మ గీసుకుని రండి. అయితే పట్టాల దగ్గరికి పోకూడదు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, ప్లాట్‌ఫారం మీదే నిలబడి చూడాలి.

అన్నీ అమిరాక కాలపట్టిక వేసుకోండి. మీ గడియారంలో ఒక నిమిషం రైల్వేకు పది నిమిషాలనుకోండి. ఒక ఎక్స్‌ప్రెస్, ఒక ప్యాసెంజరు, ఒక గూడ్సు చాలు. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వటానికి ప్యాసెంజరు ఏ స్టేషనులో ఆగాలి? గూడ్సు ఎంతసేపు లూపులో కూర్చోవాలి? గీతల కాగితం మీద అడ్డంగా కాలమూ నిలువుగా స్టేషన్లూ వేసి, ఒక్కొక్క బండికి ఒక్కొక్క గీత గియ్యండి. రెండు గీతలు ఎక్కడ కోసుకుంటాయో అక్కడ స్టేషను ఉండి తీరాలి. స్టేషను లేని చోట కోసుకుంటే మీ కాలపట్టిక తప్పు. రైల్వేలో బండ్ల రాకపోకలు చూసే కంట్రోలరు కూడా ఇట్లాంటి గీతల పటమే ముందు పెట్టుకుంటాడు.

ఒక గంటసేపు ఒక్క గుద్దుకోవటమూ లేకుండా మూడు బండ్లూ నడిస్తే, స్టేషన్ మాస్టర్లిద్దరూ స్థానాలు మార్చుకోండి. ఆట అయ్యాక ప్లగ్గు తీసెయ్యండి. పట్టాలను మెత్తని పొడిగుడ్డతో తుడవండి, దుమ్ము ఉంటే చక్రానికి కరెంటు అందక ఇంజను తడబడుతుంది. గోలీలు లెక్కపెట్టి ఎవరి గిన్నెలో వాళ్ళు వేసుకుని, బల్లమీద పాత దుప్పటి కప్పండి.